చెట్టు కట్టుకున్న నారపావడ

కొండలకు పేర్లు పెట్టేవాళ్ళు ఇంకా పుట్టని రోజుల్లో, పొగమంచు దిగే ఒక అడవి అంచున చిన్న పల్లె ఉండేది. ఆ పల్లెలో పైడి అనే పిల్ల, ఆమె మామ్మ అడివమ్మ ఉండేవాళ్ళు.

అక్కడ ఒక ఆచారం. ఈడొచ్చిన పిల్ల చెట్టు పట్ట, అంటే బెరడు, ఒలిచి తన నారపావడ తానే తయారుచేసుకోవాలి. అది కట్టుకుంటేనే, కొత్త పంట ఇంటికొచ్చాక చేసే కొత్తల పండుగనాడు డప్పుల ఆటలో కలవనిస్తారు.

అడివమ్మ మనవరాలికి పని నేర్పింది. "ముందు నారచెట్టుని అడుగు. పొద్దు పొడిసే పక్క జానెడు పట్టే ఒలువు. మిగతాది దానికొదిలేయ్. గాయానికి ఎర్రమట్టి మెత్తు."

"జానెడు పట్టకి కుచ్చిళ్ళేటొస్తాయి మామ్మా?" అని పైడి మూతి ముడుచుకుంది. ఊళ్ళో ఎవరికీ లేనన్ని కుచ్చిళ్ళు కావాలని ఆ పిల్ల ఆశ.

మర్నాడు ఒంటరిగా అడవికి వెళ్ళింది. చెట్టును అడగనే లేదు. మొదలు చుట్టూ కత్తితో గాటు పెట్టి, పట్టంతా ఒలిచేసింది. గాలి లేదు. అయినా ఆకులన్నీ ఒక్కసారిగా ఆమెవైపు తిరిగాయి. పైడి అది చూసి, పట్ట చంకన పెట్టుకుని పరుగో పరుగు.

దాన్ని వాగులో రాళ్ళకింద నానబెట్టింది. నీళ్ళు ఎర్రబారాయి. కప్పలు అరుపు మానేశాయి.

"సుట్టూ ఒలిసేసినావేటే?" అని వాగు ఎర్రబడటం చూసి అడిగింది అడివమ్మ.

"నేదు మామ్మా."

నానిన పట్టను బండమీద వేసి కొయ్యసుత్తితో మోదింది. ఇక్కడ దబ్‌మంటే, అడవిలోంచి దబ్‌మని బదులొచ్చింది. పైడి చెయ్యి ఆపింది. అడవిలో చప్పుడు ఆగలేదు. మామ్మ మళ్ళీ అడిగింది.

"నేదంటే నేదు!" అని కసిరింది పైడి.

నార తీసి, ఎండబెట్టి, పురిపెట్టి, పావడ నేసుకుంది. పండుగనాడు పొద్దున్నే పాత గుడ్డమీద కట్టుకుంది. అబ్బో, ఎన్ని కుచ్చిళ్ళో! సంబరంగా గిర్రున తిరిగింది. అంతలో పావడ నడుముకు బిగుసుకుంది. విప్పబోతే ముడి లేదు! గంజి తాగబోతే గొంతు దిగలేదు. కాళ్ళ చర్మం బెరడులా పగలసాగింది.

"మామ్మా, సచ్చిపోతన్నాను!"

అడివమ్మ పరుగున వచ్చింది. "సెట్టుకి కూడు పట్టలోంచే దిగుతాదే. సుట్టూ ఒలిస్తే గొంతు నొక్కినట్టే. ఇప్పుడైనా నిజం సెప్పు తల్లీ."

"సుట్టూ ఒలిసేసినాను మామ్మా," అని పైడి భోరుమంది.

"నాకు కాదు, దానికి సెప్పు."

పైడి కాళ్ళు ఈడ్చుకుంటుంటే ఇద్దరూ అడవికి వెళ్ళారు. చెట్టు సగం ఆకులు రాల్చేసి ఉంది. పైడి దాన్ని వాటేసుకుంది. "అడక్కుండా ఒలిసినాను. అబద్ధమాడినాను. తప్పయిపోనాది!" అంది.

తన నడుము దగ్గర, మాయమైన ముడి మళ్ళీ వేలికి తగిలింది; కాళ్ళ చర్మం మెత్తబడింది. పైడి పావడ విప్పి, గాయానికి ఎర్రమట్టి మెత్తి, ఆ పావడనే చెట్టుకు చుట్టింది. ఊళ్ళో డప్పులు మోగుతుంటే, తాను వాగునుంచి నీళ్ళు మోసింది. ఆట తప్పినందుకు ఏడ్చింది, మోయడం మాత్రం మానలేదు.

వానలు పడ్డాక చెట్టు ఒక్క చిగురు వేసింది.

ఆ చెట్టు నడుముకు పావడ ఇప్పటికీ ఉందట. గాలి లేనిపూట కూడా కుచ్చిళ్ళు కదులుతాయట. పట్ట ఒలిచే పిల్లలు అటు చూసి, జానెడు దగ్గర చెయ్యి ఆపుతారు.

కాబట్టి పిల్లలూ, ఏదైనా అడిగి తీసుకోవాలి, ఇచ్చేవాళ్ళు బతికేంత విడిచిపెట్టాలి; తప్పు చేస్తే, ఎవరికి చేశామో వాళ్ళ ఎదుటే ఒప్పుకోవాలి.