నూకరత్నం పక్కన రెండో కుండ

అనగనగా, గోదారి కాలవ గట్టున ఒక ఊరు ఉండేదిట. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ పూతరేకులు చేసి అమ్మేది. దగ్గరికి జరుగు బంగారం, దుప్పటి కప్పి చెబుతాను.

పూతరేకు ఎలా చేస్తారో నీకు తెలీదు కదూ. పొయ్యి మీద కుండని బోర్లిస్తారు. బియ్యప్పిండిని పాలలా పల్చగా కలుపుతారు. అందులో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. అంతే, కుండ మీద ఉల్లిపొరలాంటి రేకు నిలుస్తుంది. దాన్ని చిరగకుండా తీసి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడత పెడతారు. నూకరత్నం తీసిన రేకు ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి మొహం కనిపించేదిట.

అందుకే చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళంతా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. అయితే నూకరత్నం అన్నీ తనే చేసుకునేది. బియ్యం తనే నానబోసేది, తనే రుబ్బేది, కొబ్బరాకులు ఎగదోసి మంట తనే పెట్టేది, రేకు తనే తీసేది, మడత తనే పెట్టేది. బుట్టకి మూత కూడా తనే కట్టేది. ఆవిడకి నీ అంత కూతురుండేది, పేరు కుసుమ. ఆ పిల్ల తన జడ తనే వంకరటింకరగా అల్లుకుని బడికి పోయేది.

అలాగని సాయం వచ్చేవాళ్ళు లేక కాదు. ముందు తోడికోడలు సత్యవేణి వచ్చింది. పిండి రుబ్బి పెట్టింది. నూకరత్నం ఆ పిండిని వేళ్ళతో నలిపి చూసి, బరకగా ఉందని మళ్ళీ రోట్లో పోసుకుంది. సత్యవేణి చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మొగుడు అబ్బులు నెయ్యి రాస్తానని కూర్చున్నాడు. పడవ నడిపే చేతులకి రేకులు ఏం తెలుస్తాయని గిన్నె లాక్కుంది. అబ్బులు నవ్వేసి కాలవకి పోయాడు గానీ, మళ్ళీ పొయ్యి దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత పక్కింటి పేరంటాలు పిన్ని వచ్చింది. పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులు. మెల్లిగా వచ్చి కూర్చుని, నలభై రేకులు ముచ్చటగా మడత పెట్టింది. నూకరత్నం వాటిని దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఎదురుగానే ఒక్కొక్కటీ విప్పి, తన పద్ధతిలో మళ్ళీ మడిచింది. పేరంటాలు పిన్ని కాసేపు చూసి, గోడ పట్టుకుని లేచి ఇంటికి పోయింది.

ఇక ఎవరూ రాలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాయి. అప్పుడు బడి పంతులుగారింట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు చిన్నప్పుడు చిరిగిన రేకుల కోసం రోజూ నూకరత్నం గుమ్మంలో నిలబడ్డ పిల్లే. నా పెళ్ళికి నువ్వే చెయ్యాలి అత్తా అని అప్పుడే మాట తీసుకుంది. అయిదు వందల పూతరేకులు కావాలి, పెళ్ళికి పది రోజులుంది.

సరిగ్గా ఆ వారమే నూకరత్నం కుడి మణికట్టు వాచింది. గుడ్డ పట్టుకుంటే వేళ్ళు మూసుకోలేదు. వైద్యుడు చూసి ఆకుకట్టు కట్టాడు. నెల రోజులు ఈ చెయ్యి కదపకూడదు, కదిపితే ఇక ఎప్పటికీ గుడ్డ పట్టలేవని చెప్పాడు. పంతులుగారికి చెప్పేద్దాం, ఇంకెక్కడైనా చేయించుకుంటారు అన్నాడు అబ్బులు. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అప్పుడు లేచి పేరంటాలు పిన్ని ఇంటికి వెళ్ళింది. పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నూకరత్నం పక్కన కూర్చుని, ఎడం చేత్తో నాలుగు రాళ్ళు ఏరింది. చివరికి, "పిన్నీ, ఆ రోజు నీ మడతలు విప్పాను. తప్పయింది" అంది.

"విప్పినందుకు కాదే రత్నం" అంది పిన్ని. "నా కళ్ళ ముందే విప్పావు."

నూకరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్ని చేట పక్కన పెట్టి, లేవడానికి చెయ్యి అందించమని అడిగింది. ఇద్దరూ కలిసి సత్యవేణి ఇంటికి వెళ్ళారు. సత్యవేణి అంతా విని, పొయ్యి ఎప్పుడు వెలిగిద్దామని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. అబ్బులు పిండి రుబ్బాడు. సత్యవేణి గుడ్డ పట్టుకుంది. మొదటి రేకు చిరిగింది. రెండోది చిరిగింది. మూడోది కుండకే అతుక్కుపోయింది. నూకరత్నం ఎడమ చెయ్యి ఊరుకోలేదు, గుడ్డ వైపు పోయింది. సత్యవేణి చూసి గుడ్డ కింద పెట్టేసింది. అప్పుడు నూకరత్నం చెయ్యి వెనక్కి తీసుకుని, పమిటలో దాచుకుంది. నువ్వే కానియ్యి వేణీ అని చెప్పి బయటికి వచ్చేసింది. అక్కడే ఉంటే లాక్కుంటానని ఆవిడకి తెలుసు.

బయట కాలవ మెట్ల మీద కుసుమ దువ్వెన పట్టుకుని కూర్చుంది. నూకరత్నం వెనకాల చేరి, ఒంటిచేత్తో తల దువ్వింది. జడ అల్లడానికి ఒక చెయ్యి చాలదు కదా. ఒక పాయ కుసుమ పట్టుకుంది. అల్లిక వదులుగా వచ్చింది. కుసుమ మాత్రం బడిలో తల కూడా తిప్పలేదుట, ఎక్కడ ఊడిపోతుందోనని.

ఆ తర్వాత నూకరత్నం పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చింది. చిరిగిన రేకులు ఒక బుట్టెడున్నాయి. సత్యవేణి మొహం వాడిపోయింది. నూకరత్నం పక్కన కూర్చుని, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. "కుండ మీద రెండు నీటి చుక్కలు వెయ్యి. అవి చుయ్యిమని ఎగిరిపోతే మంట ఎక్కువైనట్టు. మెల్లిగా ఇంకిపోతే అప్పుడు గుడ్డ లాగు. నాకూ మూడు నెలలు చిరిగాయి వేణీ."

మూడో రోజుకి రేకు నిండుగా లేచింది. నూకరత్నం తీసినంత పల్చగా లేదు. కొంచెం మందంగానే ఉంది. ఆ మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. పేరంటాలు పిన్ని మడతలు పెడుతుంటే, ఆవిడ కూర్చోవడానికి వీలుగా గోడకి దిండు ఆనించింది.

పెళ్ళి ముందురోజు సాయంత్రానికి అయిదు వందలూ బుట్టల్లోకి చేరాయి. అబ్బులు పడవలో పెళ్ళివారింటికి చేర్చి వచ్చాడు.

అప్పుడు సత్యవేణి ఒక పూతరేకు ఆకులో పెట్టి తెచ్చింది. ఇది నీకక్కా అంది. నూకరత్నం ఆ ఆకు వైపే చూస్తూ ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని వేల పూతరేకులు చేసిందో, అందరికీ పెట్టింది. ఒకరు చేసి తన చేతికి ఇచ్చింది ఇదే మొదలు. అరుగు మీద చతికిలబడి, కాళ్ళు చాపుకుని, మెల్లిగా తింది. బెల్లం కొంచెం ఎక్కువైంది. ఇంకోటుందా వేణీ అని అడిగింది.

చెయ్యి నయమయ్యాక ఏం చేసిందో తెలుసా? గుడ్డ వెనక్కి తీసుకోలేదు. తన పొయ్యి పక్కన ఇంకో పొయ్యి వేయించి, రెండో కుండ బోర్లించింది. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని రేకులు తీసేవాళ్ళు. పొద్దున బడి వేళకి మాత్రం నూకరత్నం దువ్వెన పట్టుకుని కుసుమ దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ కాసేపూ రెండు కుండలూ సత్యవేణే చూసుకునేది.

నిద్రొస్తోందా నా తల్లికి?

కథ వెళ్ళింది కంచి దారి,
కళ్ళు మూసుకో బంగారి.
పొయ్యిలో నిప్పు ఆరింది,
పాపకి నిద్దర వచ్చింది.