నిమ్మకాయ తొక్కని సైకిలు

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీద నల్లమ్మ అనే ఎలుగుబంటి, ఆమె ఇద్దరు పిల్లలు. బడి కొండ కింద ఉంది. రాళ్లదారి. నడుమ ఒక మలుపు, మలుపు పక్కనే లోయ.

పోయిన వానాకాలం పెద్దవాడు గుబురు ఆ మలుపులో సైకిలుతో సహా దొర్లిపోయాడు. బతికాడు. కాలు మాత్రం ఇంకా కుంటిగానే ఉంది. అప్పటి నుంచి ఎక్కడ సైకిలు గంట వినబడినా నల్లమ్మ చేతిలో పని ఆగిపోయేది.

ఇప్పుడు తేనెల అనే చిన్నదానికి బడి ఈడు వచ్చింది. నడిచి వెళ్తే చేరేసరికి బడి వదిలేస్తారు. సైకిలు కొనక తప్పదు.

తల్లీకూతుళ్లు దీర్ఘవాలుడనే కొండముచ్చు అంగడికి వెళ్లారు.

"రా నల్లమ్మక్కా! పాపకేనా? ఇది చూడు!" అంటూ దీర్ఘవాలుడు ఎర్ర సైకిలు తోసుకొచ్చాడు. రంగు కుచ్చులు, అద్దాలు, మూడు గంటలు. తేనెల నోరు తెరిచింది.

కొత్త బండి చేత నిమ్మకాయ తొక్కించడం అక్కడి ఆచారం. దీర్ఘవాలుడు కాయ తీశాడు.

"ఇలా ఇవ్వు," అంది నల్లమ్మ. అంగడి ముందున్న వాలు చివర, దారి మధ్యలో దాన్ని పెట్టింది. కాయ వెనక గడ్డి పరిచి, గడ్డి వెనక తాను నిలబడింది. "పైనుంచి రావే తేనెలా. కాయ ముందే ఆగాలి. చితికిందంటే ఆ సైకిలు మనకొద్దు."

దీర్ఘవాలుడు పకపకా నవ్వాడు. "తొక్కించాల్సిన కాయను తొక్కొద్దంటావేంటక్కా! అపశకునం!"

"లోయకు శకునాలు తెలియవు."

ఎర్ర సైకిలు మూడు గంటలూ మోగించుకుంటూ వచ్చింది. బ్రేకు కీచుమంది గానీ పట్టలేదు. కాయ చితికింది. తేనెల గడ్డిలో పడింది.

రెండోది పెద్ద సైకిలు. లావు టైర్లు, గట్టి బ్రేకులు. "పెరిగే పిల్ల కదక్కా! ఒక సైజు పెద్దదే తీసుకో," అన్నాడు దీర్ఘవాలుడు. ఆ మాట నల్లమ్మకూ నచ్చింది. చొక్కాలూ చెప్పులూ అలాగే కదా కొనేది!

తేనెల ఎక్కితే పాదాలు నేలకు అందలేదు. బ్రేకు నొక్కబోతే వేళ్లు జారాయి. రెండో కాయా పోయింది.

"వచ్చే ఏటికి అందుతుందిలే అమ్మా, ఇదే కొందాం!"

"బడికి వెళ్లేది రేపు," అంది నల్లమ్మ. మూలనున్న మట్టిరంగు సైకిలు చూపించింది. "అది తియ్యి."

"అదా? దాన్ని ఎవరూ అడగరక్కా. గంటైనా లేదు."

తేనెల ఎక్కింది. పాదాలు నేలకు ఆనాయి. వేళ్లు బ్రేకును చుట్టుకున్నాయి. పళ్లు తేలిన టైర్లు రాళ్లను పట్టుకుంటూ దిగాయి. కాయకు బెత్తెడు దూరంలో సైకిలు ఆగింది.

నల్లమ్మ వంగి కాయ తీసుకుంది.

"దీనికి ఒక గంట బిగించు," అంది దీర్ఘవాలుడితో.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున మలుపు దగ్గర బండరాయి జారి దారికి అడ్డంగా పడింది. తేనెల బ్రేకు నొక్కింది. సైకిలు ఆగింది. దిగి, రాయి చుట్టూ నడిపించుకుని బడికి పోయింది.

సాయంత్రం గుహ ముందు గంట మోగింది. కూతురు చెప్పిందంతా నల్లమ్మ విన్నది. మర్నాడు మళ్లీ గంట మోగినప్పుడు, ఆమె చేతిలో పని ఆగలేదు.

నీతి: కొండదారికి సైకిలు కొనేవాళ్లు ముందు అది ఎలా ఆగుతుందో చూడాలి, ఎలా మెరుస్తుందో తరువాత.