ఆలకింపు మెట్ట మీద కొయ్య ఈల ఎంచుకునే విధం

ఆలకింపు మెట్ట తూర్పు కనుమల్లో ఒక చిన్న మెట్ట. కింద పారే గెడ్డ వరకు జీపులు వస్తాయి. అక్కడి నుంచి కాలిదారే. చెక్కిన మెట్లు లేవు, రాయి మీద రాయి పట్టుకుని ఎక్కడమే. మామూలు రోజుల్లో గంట పడుతుంది, పుష్య మాసపు మంచులో అయితే ఎంత పడుతుందో చెప్పలేం. దారిలో నీళ్లు దొరకవు కనుక భక్తులు గెడ్డలోనే పట్టుకుని ఎక్కవలసిందిగా మనవి.

పైన గుడి అని చెప్పుకోదగిన కట్టడం ఏదీ లేదు. మూడు వైపులా రాతి గోడ, పైన తాటాకు కప్పు, లోపల నడుము ఎత్తున ఒక రాయి. మొదటిసారి వచ్చినవారు అమ్మవారి ముఖం కోసం వెతుకుతారు. ముఖం లేదు. రాతికి ఎడమ పక్కన గవ్వలాగ లోపలికి తిరిగిన చిన్న గుంట ఉంది. అది తల్లి చెవి. పసుపైనా కుంకుమైనా ఆ చెవి అంచుకే. ఇక్కడ గంట కొట్టరు. కోరిక ఉన్నవారు పైకే చెప్పాలి, మనసులో అనుకుని దండం పెట్టి పోతామంటే కుదరదు.

గుడి పక్క పాకలో అంకుడు కొయ్య ఈలలు చేటల్లో పోసి ఉంటాయి. జానెడు పొడవు, మూతి దగ్గర ఈల చీలిక, ఒంటి మీద నాలుగు కన్నాలు. రంగు లేదు, లక్క పూత లేదు. ఇంతకన్నా అందమైనవి ఏ సంతలోనైనా దొరుకుతాయి. అయినా తప్పెటగుళ్ల జట్లవారు, జముకుల కథలు చెప్పేవారు, పెళ్లి పాటలకు ఊదేవారు ఎక్కడెక్కడి నుంచో ఈ రాళ్లు ఎక్కి వస్తారు. ఎందుకు వస్తారో తెలియాలంటే తవిటమ్మ కథ తెలియాలి.

పూర్వం ఇక్కడ గొల్లల మందలు మేసేవి. మేత ఈ మెట్ట మీద, ఇళ్లు లోయకు అవతలి గట్టు మీద. రెంటినీ కలుపుతూ ఒక సన్నని రాతి దారి ఉండేది. దానికి రెండు పక్కలా లోయే. పొద్దు వాలే వేళకు ఇంటి దగ్గర ఉన్నవారు గట్టు చివరి బండ మీద నిలబడి ఈల మీద పాట ఎత్తుకునేవారు. ఇంటికొక పాట. మేత మీద ఉన్నవారు తమ ఇంటి పాట ఎటు నుంచి వస్తే అటు మందను తోలుకుని నడిచేవారు. మంచు పట్టిన రోజున కన్ను ఎందుకూ పనికిరాదు. చెవే దారి.

ఆ ఇళ్లలో ఒకటి అసిరయ్యది. తప్పెటగుళ్ల జట్టులో ఈల అతనిదే. తీర్థాలకు అతను లేకుండా జట్టు కదిలేది కాదు. అతని భార్య తవిటమ్మ. అతను పాట సాధన చేసుకుంటూ ఇంటిపట్టున ఉంటే మందను మేపుకు వచ్చేది ఆమే.

ఒక వానాకాలం తవిటమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని సన్నని చప్పుళ్లు ఆమెకు అందడం మానేశాయి. పిట్ట కూత పోయింది. తన చేతి గాజుల చప్పుడు తనకే పోయింది. ఎద్దు రంకె, తప్పెట, ఉరుము మిగిలాయి. అసిరయ్య పాత ఈల లావు గొంతుది కనుక అదీ మిగిలింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెవిటిదన్న పేరు పడితే గొల్ల ఇంట మందను చేతికివ్వరు. మంద లేని మనిషి గడప దగ్గర కూర్చుని ఎవరో పోసే గంజి కోసం చూడాలి. ఆ బతుకు ఆమె తన అత్తలో చూసింది.

మరుసటి ఏడు ఎండలకు పాత ఈల చీలిపోయింది. కొత్తది ఎంచుకోవడానికి ఇద్దరూ గెడ్డ ఒడ్డు సంతకు దిగారు. ఈలలు చేసే పోలయ్య తాత గోనె పరిచి, చేటలో ఈలలు పోసుకుని కూర్చున్నాడు. అసిరయ్య ఒక్కొక్కటే తీసి ఊదుతున్నాడు. తవిటమ్మకు వాటిలో ఏదీ అందలేదు. చేట అడుగున లావుపాటి ఈల ఒకటి ఉంటే తీసి భర్త చేతిలో పెట్టింది. అతను ఊదాడు. ఆమె ముఖం విప్పారింది.

"ఇదే తీసుకో మావా" అంది.

అసిరయ్య పకపకా నవ్వాడు. "ఇదేటే, కడుపునొప్పొచ్చిన దున్నపోతునాగ! దీన్ని తీర్థంలో ఊదితే జనం నన్నొగ్గీసి దున్నని ఎతుకుతారు."

సంతకు వచ్చిన జట్టువాళ్లు కూడా నవ్వారు. తమ్ముడి వరసైన ఒకడు, "ఒగ్గీ ఒదినా, ఈల సంగతి నీకేటి తెలుసు? గొర్రి బొచ్చు గురించి అడిగినప్పుడు సెప్పుదువు గాని" అన్నాడు.

తవిటమ్మ వాళ్లతో పాటు తానూ నవ్వింది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు.

అసిరయ్య సన్నని ఈల ఒకటి ఎంచి దాని మీద ఇంటి పాట ఎత్తాడు. సంతలో ఉప్పు కొలిచేవాడు కొలత ఆపాడు. బేరం చేసేవాళ్లు తిరిగి చూశారు. అంత తియ్యని గొంతు ఆ కొయ్యది. తవిటమ్మ మాత్రం భర్త వేళ్లు కదలడం చూసింది, చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసింది.

"ఎలాగుందే?"

"సక్కగుంది మావా."

పోలయ్య ఇదంతా చూశాడు. ఊదేవాడిని కాక వినేవాడిని చూడడం ఈలలు చేసేవారి అలవాటు. లావు ఈలకు ఈమె తల తిరిగింది, సన్న ఈలకు తిరగలేదు. తాతకు సంగతి తెలిసిపోయింది. కానీ మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకని, అడగనివాడికి చెప్పడమేమిటని, చేట దులుపుకుని లేచాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. తీర్థంలో పాడే పాటల్లో ఈ సంత ఘట్టం ఉండదు. తల్లి తవిటమ్మను కోరి పిలుచుకుందని, పూల పల్లకి దిగిందని పాడతారు. వినడానికి బాగుంటుంది. మెట్ట మీద ఈలలు చేసే పోలయ్య వంశంవారు మాత్రం ఇలాగే చెబుతారు. తమ పెద్దాయన తప్పును తామే చెప్పుకునేవారి మాట కనుక అదే ఇక్కడ రాశాం.

తవిటమ్మ తన దారి తాను వెతుక్కుంది. ఈల తనకు వినపడకపోతేనేం, మందకు వినపడుతుంది. గొర్రెలు ఇంటిదారి పడితే వాటి వెనక నడిస్తే చాలు. మంచు రోజున ముందు నడిచే గొర్రె తోక పట్టుకున్నంత దగ్గరగా నడిచేది. అలా ఆరు నెలలు గడిచాయి. ఒక్కరికీ అనుమానం రాలేదు. అసిరయ్య రోజూ గట్టు మీద నిలబడి ఊదేవాడు, ఆమె రోజూ వచ్చేది. తన పాట తియ్యదనానికే వస్తోందని అతను మురిసిపోయేవాడు కూడా.

పుష్య బహుళంలో ఒక మంగళవారం పగలే మంచు దిగింది. పొద్దు వాలకముందే అసిరయ్య బండ ఎక్కి ఇంటి పాట ఎత్తాడు. కాసేపటికి మంద వచ్చింది. వెనక మనిషి రాలేదు. మెల్లగా నడుస్తోంది కాబోలు అనుకుని మళ్లీ ఊదాడు. తర్వాత ఇంకా తియ్యగా ఊదాడు. పెదవి చిట్లి ఈల మూతికి నెత్తురు అంటింది. మంచులో నుంచి బదులు లేదు.

మర్నాడు మంచు విడిచాక అంతా తెలిసింది. మేత మీద ఒక గొర్రె ఈనింది. తవిటమ్మ దాని దగ్గర ఆగింది. తల్లి గొర్రె నిలబడలేక ప్రాణం వదిలింది. ఈలోగా మిగిలిన మంద పాట విని కదిలిపోయింది. ఆమె పిల్లను కొంగులో చుట్టుకుని బయలుదేరింది. ఇప్పుడు గుడి ఉన్న చోట తడిమట్టిలో ఆమె అడుగులు కనిపించాయి. అక్కడ చాలాసేపు నిలబడింది. నాలుగు దిక్కులకూ తిరిగి చూసింది. తర్వాత అడుగులు రాతి దారి వదిలి పక్కకు పోయాయి. లోయలో ఆమె దొరికింది. కొంగులో గొర్రెపిల్ల బతికే ఉంది.

ఊరు నాలుగు మాటలు అంది. జారిందన్నారు. గాలి సోకిందన్నారు. మొగుడు పిలుస్తుంటే ఇటు రాకుండా అటెందుకు పోతుంది, ఇంట్లో ఏం జరిగిందో అని కూడా అన్నారు. ఆ చివరి మాట అసిరయ్యను పట్టుకుంది. పిలిచాను కదా. మన పాటే ఊదాను కదా. వినీ రాలేదా? రాకూడదనుకుందా?

ఆ అడుగుల దగ్గరే కూర్చుని అతను రోజూ ఆ పాటే ఊదాడు. తిండి మానేశాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక రాతికి తల ఆన్చి నిద్రపోయాడు. కలలో ముఖం కనిపించలేదు, మాట మాత్రం వినిపించింది.

"ఊదింది సాలు మావా. ఇంకోల సేత ఊదించి, నాను నిలబడ్డ సోట నువ్వు నిలబడు. నా సెవులు ఎట్టుకుని ఇను."

మేలుకున్నాక చూస్తే అతని తల ఆనిన చోట రాయి చెవిలాగ గుంటపడి ఉంది. అదే నేటి మూలవిరాట్టు. ఆమె చెవులు పెట్టుకోవడం ఎలాగో అతనికి తెలియలేదు. ఊదడానికి ఇంకొకరు కావాలి కనుక పోలయ్య దగ్గరకు వెళ్లి కల చెప్పాడు. తాత చేతిలోని బాడిశ కింద పెట్టేశాడు.

"నీ పెళ్లానికి సన్న గొంతు ఇనపడదురా నాయినా. ఆరోజు సంతలోనే సూసాను. సెప్పనేదు."

అసిరయ్య అడిగింది ఒకటే. "ఆ లావు ఈల ఏదీ?"

"ఎవుడూ తీసుకోనేదు. పొయ్యిలో ఎట్టీసాను."

పోలయ్య దూది తడిపి అసిరయ్య రెండు చెవుల్లోనూ కుక్కి, పైన మెత్తని బంకమట్టి మెత్తాడు. ఆ సన్న ఈల తీసుకుని అవతలి గట్టు బండ ఎక్కాడు. ఊదుతున్నంతసేపు తువ్వాలు ఎత్తి పట్టుకోవడానికి ఒక మనిషిని వెంట తీసుకుపోయాడు. అసిరయ్య అడుగుల చోట నిలబడ్డాడు. తువ్వాలు లేచింది. ఏమీ లేదు. దిగింది, మళ్లీ లేచింది. ఏమీ లేదు. తవిటమ్మ తిరిగి చూసినట్టే అతనూ నాలుగు దిక్కులకూ తిరిగి చూశాడు. ఆమె తనను కాదని పోలేదని అప్పుడు తెలిసింది. తెలిసినందువల్ల బరువు తగ్గలేదు. సక్కగుంది మావా అన్న మాట ఆరు నెలలుగా ఎంత భయం మీద నిలబడి ఉందో కూడా అప్పుడే తెలిసింది.

అసిరయ్య ఆ తర్వాత ఏ తీర్థానికీ పోలేదు. పోలయ్య ఇల్లు మార్చి మెట్ట మీదికే వచ్చాడు. తాత లావు ఈలలు తొలిచి గట్టు మీద నుంచి ఊదేవాడు, అసిరయ్య చెవుల్లో దూదితో రాతి దగ్గర నిలబడి వినేవాడు. కాల్చేసిన ఈల గొంతు కోసం వాళ్ల వెతుకులాట. ఒకటి దగ్గరగా వచ్చేది, అంతే. అసిరయ్య ఇది కాదనేవాడు. కాదన్నవి చేటలో పడేవి. దారిన పోయే పాటగాళ్లు వాటిని పట్టుకుపోయి, ఇవి దూరానికి కూడా అందుతున్నాయని మెచ్చుకుని మళ్లీ వచ్చేవారు. ఇద్దరూ ఆ వెతుకులాటలోనే పోయారు. ఆ గొంతు దొరకలేదు. నేటికీ పాకలో చేసే ప్రతి ఈలా ఆ వెతుకులాటలోదే. తాత చెప్పకుండా ఊరుకున్న మాట తరవాతివారు అందరికీ చెబుతున్నారు.

అప్పుడు మొదలైన ఆచారం ఇప్పుడూ ఇలా నడుస్తోంది. పుష్య బహుళంలో వచ్చే మంగళవారాలు ఈల ఎంచుకోవడానికి ముఖ్యం. ఊదేవాడు తన ఈలను తాను ఎంచుకోడు. ఎవరి కోసం ఊదుతాడో వారిని వెంట తెచ్చుకోవాలి. భార్యైనా, తల్లైనా, జట్టులో వెనక వరసలో ఆడే మనిషైనా సరే. వారి చెవుల్లో తడి దూది పెట్టి తల్లి పక్కన నిలబెడతారు. ఊదేవాడు చేట పట్టుకుని అవతలి గట్టుకు పోతాడు. తువ్వాలు లేచినప్పుడల్లా ఇవతలి మనిషి జవాబు చెప్పాలి. వినపడితే చెయ్యి ఎత్తాలి. వినపడకపోతే వినపడలేదని నోరు తెరిచి అందరి ముందూ చెప్పాలి. ఆ మాటకు ఎవరైనా నవ్వితే వారు గెడ్డ దాకా దిగి మళ్లీ ఎక్కి రావాలి. పెద్దా చిన్నా తేడా లేదు. ఒకసారి దేవస్థానం పెద్దలే దిగి ఎక్కారు.

తల్లి చెవుడు పోగొట్టదు. పోగొడుతుందని దారిలో ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇక్కడ పైకి చెప్పిన లోటును బట్టి ఆ ఏడాది పొడుగునా ఇంట్లో ఎవరూ మాట అనకూడదన్నది తల్లి కట్టు. కట్టు తప్పిన ఇంటి ఈల పలకదని నమ్మకం. పాటతో పని లేనివారు కూడా ఆ కట్టు కోసమే వస్తున్నారు.

పోయిన పుష్యంలో తప్పెటగుళ్ల గురువు నీలప్ప తన భార్య పైడమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ల కాపురం వారిది. చేటలో ఉన్న ఈలలన్నీ ఊదడం అయింది. ప్రతిదానికీ పైడమ్మ వినపడలేదనే చెప్పింది. చివరికి దూది తీయించుకుని, మళ్లీ మొదటి నుంచి ఊదమంది. అప్పుడూ వినపడలేదు. నీలప్ప సంగతి గ్రహించి, ఆ రాతి దారి మీద పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచే?" అన్నాడు ఆయాసపడుతూ.

"సిన్నోడి పెళ్లికి ముందు నుంచీ. నువ్వు ఎదురుగుండి మాటాడితే నోరు సూసి తెలుసుకుంటన్నాను" అంది ఆమె.

అక్కడున్నవారెవరూ నవ్వలేదు. వారు ఈల తీసుకోకుండానే వెళ్లిపోయారు. గెడ్డ వరకు నీలప్ప ముందు నడిచాడు. ప్రతి మాటకూ ఆగి, వెనక్కి తిరిగి, ఆమె ముఖం ఎదుట తన ముఖం పెట్టి చెప్పి, మళ్లీ నాలుగు అడుగులు దిగాడు. గంట దారి వారికి సాయంకాలం దాకా పట్టింది.