వెళ్ళొస్తానన్న గవరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో... ఇదిగో, ఊ కొట్టు మరి! ఊ కొట్టనివాళ్ళకి నేను కథ చెప్పను. ఆఁ, అలాగ. ఆ ఊరి పేరు నీళ్ళపాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! గొంతు తడుపుకుందామంటే చుక్క లేదు. ఎందుకంటే, ఊరికి నీళ్ళొచ్చే కొండవాగుకి అడ్డంగా గుండ్రాయుడనే రాకాసి కూర్చున్నాడు.

ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక పిల్ల. దానికి నాయనమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ ముసలమ్మ మంచం పట్టింది. అప్పుడు ఊరిపెద్ద, "మూడు రోజుల్లో నీళ్ళు రాకపోతే ఊరు ఖాళీ చేసేద్దాం" అన్నాడు. "నన్నిక్కడే వదిలేసి పో తల్లీ" అంది నాయనమ్మ. "నిన్నొదిలి నేనెక్కడికీ పోను" అంది గవరమ్మ.

ముందు వస్తాదు కత్తి పట్టుకెళ్ళాడు. గుండ్రాయుడు ఒక్క తుమ్ము తుమ్మాడు. అంతే, వస్తాదు ఎగిరొచ్చి గడ్డివాములో పడ్డాడు. ఆ తర్వాత మంత్రగాడు వెళ్ళాడు. మంత్రం సగంలో మరిచిపోయి, పంచె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నవ్వింది చాల్లే, ఊ కొట్టు!

అప్పుడు గవరమ్మ నాలుగు నువ్వుండలు మూటగట్టుకుని వెళ్ళింది. "తాతా, తింటావా?" అంది. గుండ్రాయుడు తెల్లబోయాడు. వాడినెవరూ ఏనాడూ తాతా అనలేదు మరి. ఇద్దరూ కూర్చుని తిన్నారు. గవరమ్మ నీళ్ళ మాటే ఎత్తకుండా లేచి, "వెళ్ళొస్తాను తాతా" అంది.

అంతే! కొండ అదిరేట్టు అరిచాడు వాడు. "అదుగో, అదే మాట! మీ ముత్తాతలూ నేను పెట్టిన పళ్ళు తిని వెళ్ళొస్తాం అన్నారు. నూరేళ్ళు మీ దారే చూశాను, చూసి చూసి ఈ ఏడు వాగుకి అడ్డంగా కూర్చున్నాను. ఒక్కడొచ్చాడా?"

మనం గుమ్మం దిగేటప్పుడు 'వెళ్తాను' అనం కదమ్మా, అశుభమని 'వెళ్ళొస్తాను' అంటాం. ఆ పిచ్చి రాకాసి అది నిజమనుకున్నాడు! గవరమ్మకి సిగ్గేసింది. "తప్పు మాదే తాతా. నేను మాత్రం రేపొస్తాను, చూడు" అంది.

వచ్చింది. దారిలో కాలు బెణికినా కుంటుకుంటూ వచ్చింది. గుండ్రాయుడు ఆ కాలు చూసి, ఇంటి సంగతులన్నీ అడిగాడు. "మీ నాయనమ్మకివ్వు" అని చిన్న ముంతడు నీళ్ళిచ్చాడు. "రేపు మళ్ళీ వస్తాను తాతా" అంది గవరమ్మ.

ఇక మూడో రోజు, గడువుకి ఆఖరి రోజు. ఊరిపెద్ద గవరమ్మ దగ్గరకొచ్చి, "వాడు నిన్ను నమ్మాడే! నువ్వుండల్లో విషం కలుపు, పీడ విరగడవుతుంది" అన్నాడు.

"నమ్మినవాడి నోట్లో విషం పెట్టమంటావా? అలా తెచ్చిన నీళ్ళు మా నాయనమ్మే ముట్టదు!" అంది గవరమ్మ. దెబ్బకి ఊరిపెద్దకి ఒళ్ళు మండి, దాన్ని వాళ్ళింటి గదిలోకే తోసి బయట గొళ్ళెం పెట్టి పోయాడు.

పొద్దు వాలిపోతోంది. గవరమ్మ తలుపు బాదుతోంది. అప్పుడు, మంచం దిగలేని ఆ ముసలమ్మ దిగింది! పాక్కుంటూ వచ్చి, గోడ పట్టుకుని లేచి, గొళ్ళెం తీసింది. "వెళ్ళిరా తల్లీ" అంది.

గవరమ్మ కొండెక్కేసరికి గుండ్రాయుడు అటు తిరిగి కూర్చున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"వచ్చావా?" అన్నాడు.

"వస్తానన్నాను కదా తాతా."

అప్పుడు గుండ్రాయుడు లేచి నిలబడ్డాడు. వాగు గలగలా ఊరిమీదికి దూకింది. వాడు గవరమ్మని భుజమ్మీద ఎక్కించుకుని దాని వెనకే దిగాడు. కత్తి చెయ్యలేనిది, మంత్రం చెయ్యలేనిది మాట చేసిందమ్మా! ఊరిపెద్ద తల వంచుకుని, ఆ రాకాసికి తన చేత్తోనే విస్తరి వేశాడు. నాయనమ్మ కడుపారా నీళ్ళు తాగింది.

ఆ గవరమ్మ ఎవరనుకున్నావు? మా నాయనమ్మకి నాయనమ్మ! ఆ రక్తమే నీలోనూ ఉంది. రేపు బస్సెక్కేటప్పుడు 'వెళ్ళొస్తాను అమ్మమ్మా' అంటావు కదూ? ఊరికే అనకు మరి. నేనూ గుండ్రాయుడి లాంటిదాన్నే.

కథేమో కంచికి వెళ్ళొస్తానంది,
నిద్రేమో మనింటికి వచ్చేశానంది!