మారుమాత కిటికీ

పూర్వం పల్నాటి సీమలో వానలు ముఖం చాటేసిన కాలాన, నాపరాళ్ళ గుట్ట మీద వెలసిన మరియమాత గుడికి శౌరమ్మ అనే ఇల్లాలు సంరక్షకురాలిగా ఉండేది. ఆమె భర్త జోజప్ప ఉపదేశిగా పనిచేసి పరమపదించగా, గుడి ఊడ్చి దీపం పెట్టే సేవ ఆమెకు సంక్రమించింది. ఆ గుడికి చెందిన స్త్రీలు పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి విడిగా దాచి, ఆదివారం నాడు తెచ్చి గుడిలోని పెద్ద కాగులో పోసేవారు. అది దిక్కులేనివారి సొత్తు, దానికి కావలి శౌరమ్మ.

ఆమె పిసినారి కాదు. తాను పస్తుండి కూడా ఆ కాగులో ఒక్క గింజ ముట్టి ఎరుగదు. కానీ అనుమానం పెనుభూతమంటారు కదా, ఆ భూతం ఆమెకు ఇంటి చుట్టమే. దీపంలో నూనె తగ్గితే ఎలుకను తిట్టేవాళ్ళుంటారు, శౌరమ్మ మాత్రం నిన్న గుడికి ఎవరెవరు వచ్చారో తలచుకునేది.

కరువు ముదిరి ఎక్కడెక్కడి జనమో గుట్టకు చేరడంతో, ఆమె తలుపు గడియ వేసి, తూర్పు గోడలోని చిన్న కిటికీలోంచి బియ్యం పెట్టసాగింది. తీసుకున్నవారే మళ్ళీ వచ్చి మోసగిస్తారేమోనని పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసి, బియ్యం అందుకున్న ప్రతి అరచేతి నడుమ బొటనవేలితో ఎర్రని చుక్క పెట్టేది. చుక్క ఉన్న చెయ్యి కనబడితే కిటికీ మూసేసేది. తన తెలివికి లోలోపల మురిసిపోయేది కూడా.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం, రాళ్ళు కొట్టుకు బతికే ఓబులమ్మ, చుక్క పెట్టిన చేతినే తిరిగి చాచింది. ఆమె చంకలోని పసివాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు.

“ఇందాకేగా తీసకపోయింది?” అంది శౌరమ్మ.

“అది మా అత్తకి గంజి కాసి పోశానమ్మా. బిడ్డకి మిగల్లేదు. ఇంకో గుప్పెడు మారు పెట్టు తల్లీ.”

“మారు పెట్టడానికి ఇదేమన్నా పెళ్ళిబంతా? పో పో.”

అత్తా లేదు, గంజీ లేదు, ఆ బియ్యం సంతలో అమ్ముకుని ఉంటుందని శౌరమ్మ నిశ్చయించుకుంది. పసివాడు కూడా అద్దె బిడ్డేమోనని ఆమెకు తోచింది. అంతటి మాట తోచినందుకు ఆ క్షణాన సిగ్గు కూడా పడలేదు.

ఓబులమ్మ అడుగుల చప్పుడు దూరమయిందో లేదో, కిటికీలోంచి మరొక చెయ్యి లోపలికి వచ్చింది. గాజులు లేవు. పనిముట్లు పట్టి కాయలు కాచిన మగచెయ్యి. అరచేతి నడుమ ఎర్రగా, తడిగా ఉంది. పెళ్ళాం పప్పులుడకలేదని మొగుడు దిగాడనుకుంటూ శౌరమ్మ ఆ మణికట్టు ఒడిసి పట్టుకుంది. ఆరిన పారాణి అంత తడిగా ఉండదు. కడిగెయ్యబోయి దొరికిపోయాడని గెలుపు దక్కినంత సంబరంతో ఆ చుక్కను బొటనవేలితో రుద్దింది. మేకు దిగిన తూటులోకన్నట్టు వేలు లోపలికి దిగింది. ఉలిక్కిపడి వెనక్కి తీసుకోగా, ఆ అరచేతి గుండా అవతలి ఎండ కనిపించింది.

ఆ చెయ్యి వెనక్కి పోలేదు, విదిలించుకోలేదు, చాచినది చాచినట్టే ఉంది.

శౌరమ్మ తలుపు తీసి బయటికి ఉరికింది. గోడ పక్కన నరమానవుడు లేడు. గుట్ట దిగువన, తంగేడు పొదల మధ్య ఓబులమ్మ బిడ్డతో కూలబడి ఉంది. శౌరమ్మ లోపలికి పరుగెత్తి కొంగు నిండా బియ్యం కట్టుకుని, కాలే రాళ్ళ మీద చెప్పులు లేకుండా దిగి, మూడు రాళ్ళు పేర్చి తానే గంజి కాచింది. బిడ్డ మొదటి గుటక మింగేదాకా ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. మింగాక మాత్రం పరాయి ఊరి మనుషుల ముందే వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం పూజకు వచ్చిన గురువుగారు విషయం విని ఆమెను నిలబెట్టి ప్రశ్నించారు. ఎండదెబ్బ తగిలిందని కొందరు, కాగు ఖాళీ చేసి కథ అల్లిందని కొందరు గుసగుసలాడారు. అందరినీ అనుమానించినామెకు అందరి అనుమానమూ వడ్డీతో ముట్టింది. ఆమె బొటనవేలి ఎరుపు చూసి గురువుగారు, “ఇది పారాణి కాదని నమ్మకమేమిటమ్మా?” అన్నారు.

“పారాణే కావచ్చు స్వామీ. నేను వాదించను. మారు అడిగినోళ్ళకి లేదనగూడదని మాత్రం తెలిసొచ్చింది” అని శౌరమ్మ బదులిచ్చింది.

నాటినుండి ఆ గుడిలోని మరియమాతకు మారుమాత అనే పేరు స్థిరపడింది. పొరుగూళ్ళవారు అది విని, సవతితల్లికి గుడేమిటని నేటికీ నోరెళ్ళబెడతారు. తూర్పు గోడకు ఆ కిటికీ ఇప్పటికీ ఉంది, రెక్కలు మాత్రం లేవు. ఉత్సవం నాడు లోపల కూర్చుని బియ్యం పెట్టే స్త్రీలు, శౌరమ్మ నేర్పినట్టే, ముందుగా తమ అరచేతిలోనే పారాణి చుక్క పెట్టుకుంటారు. ఎందుకమ్మా అని అడిగినవారికి శౌరమ్మ, “ఆ చేతినుంచి ముందుగా తీసుకున్నది నేనే గదా” అని చెప్పేదట. చాచిన చేతిని వారు ఏ ఊరని అడగరు, ఎవరివాళ్ళని అడగరు. మారు కావాలా అని మాత్రమే అడుగుతారు.