ఈరమ్మ ముళ్ళకు పూసిన మట్టి

నేను ఇంతకు ముందు ఏమీ రాయలేదండి. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నలుగురిలో నోరు తెరిచి చెప్పడం కూడా నాకు చేతకాదు, అందుకని ఈ కథను కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఒక అడవిలో సింహాలు అంతరించిపోయి అసెంబ్లీ వచ్చింది. గుట్టకో ఎమ్మెల్యే. ఎర్రగుట్ట కింద బొరియల పేటకు రెండుసార్లుగా తోడేలు దొరే ఎమ్మెల్యే. వాగుకు పోయే దారికి కాపలా ఆయన మేనల్లుళ్ళది. ఆ దారిన నీళ్ళకు పోయినవాళ్ళలో అప్పుడప్పుడూ ఒకరు తిరిగి వచ్చేవారు కాదు. మర్నాడు పరామర్శకు అందరికంటే ముందు వచ్చేది కూడా దొరే, మూతి శుభ్రంగా తుడుచుకుని. "ధైర్యంగా ఉండాలమ్మా, కాపలా ఇంకా పెంచుతాను" అనేవాడు. అన్నట్టే పెంచేవాడు.

మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. దొర మీద ఎవరు నిలబడాలా అని పేట వాళ్ళు రాతి చరియ కింద కూడారు. కిందటిసారి నిలబడ్డ దుప్పి సంగతి అందరికీ తెలుసు. కొమ్ములు మాత్రం వాగు ఒడ్డున దొరికాయి. అందుకని ఉడుము నేల చూసింది, ముంగిస తన తోక చూసుకుంది, కౌజుపిట్టలు ఒకదాని వెనక ఒకటి నక్కాయి. ఎవరూ ఊపిరి గట్టిగా తీయడం లేదు. అప్పుడు మూల నుంచి గలగలమని చప్పుడైంది.

అందరూ అటు తిరిగారు. మూలన ఉన్నది ముళ్ళపంది ఈరమ్మ. ఈమధ్యే తల్లిని వదిలి వచ్చి సొంత బొరియ తవ్వుకున్న పిల్ల. ఆ పిల్లకు భయం వేస్తే ముళ్ళు నిక్కి ఒకదానికొకటి తగిలి మోగుతాయి. ఆపుకుందామన్నా ఆగవు.

"ఈరమ్మ ఉందిగా" అంది కుందేలు కోటమ్మ. పేటలో అందరికంటే పెద్దది ఆమే.

"నేనేమీ అనలేదు పెద్దమ్మా. భయమేసి మోగాయంతే."

"తెలుసులేవే. నువ్వే నిలబడు."

తమ పేరు రానందుకు బతుకు జీవుడా అనుకుని మిగతావాళ్ళంతా ఒక్కసారే తలలూపారు. ఈరమ్మ వద్దనడానికి నోరు తెరిచేలోపు చరియ కింద ఖాళీ అయిపోయింది.

నిలబడ్డాక గడప గడపకూ తిరగాలి కదా. ఈరమ్మ తిరిగింది. ఆమె కంటే ముందు ఆమె చప్పుడు వెళ్ళేది. అది వినగానే బొరియల్లో అందరూ లోపలికి సర్దుకునేవాళ్ళు.

"ఎలుక బాబాయ్, ఓటు నాకు వెయ్యి."

"వేస్తాంలే తల్లీ, ముందు నువ్వు ఇక్కణ్ణుంచి కదులు. దొర మేనల్లుడు ఆ పొద వెనకే ఉన్నట్టున్నాడు."

అని బొరియకు రాయి అడ్డం పెట్టుకునేవాడు. నన్ను చూసి నవ్వుకుంటున్నారు అనుకునేది ఈరమ్మ. ఓటడగడానికి వచ్చి వణుకుతుంటే ఎవరికి నమ్మకం కుదురుతుంది? పడుకుంటే ఆ దుప్పి కొమ్ములే కళ్ళముందు కనపడేవి.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం నక్క నర్సింగం వచ్చాడు. రెండు ఎన్నికల్లోనూ దొరకు ప్రచారం చేసిపెట్టింది ఇతనే.

"దొర దగ్గర మానేశాను చెల్లెమ్మా" అన్నాడు బొరియ ముందు కూలబడుతూ. "మెత్తని ముక్కలన్నీ ఆయనకు, ఎముకలు నాకు. ఎన్నాళ్ళు కొరుకుతాను?"

"నా దగ్గరికి ఎందుకొచ్చావన్నా?"

"గెలిచేది నువ్వు కాబట్టి. జనానికి దొర అంటే విసుగు పుట్టింది. నీకు ఒక్కటే లోటు, ఆ చప్పుడు."

"అది నా చేతుల్లో లేదు."

"నాయకుడికి భయం ఉండొచ్చు. దొరకు మాత్రం లేదా ఏంటి? బయటికి వినపడకూడదు, అంతే. నీ నోరు ఓటు వెయ్యమంటుంది, నీ వీపు పారిపొమ్మంటుంది. పాపం, జనం ఎవరి మాట వినాలి?"

ఈరమ్మ తల దించుకుంది. తను రోజూ అనుకుంటున్నదే అతను పైకి అన్నాడు.

"వాగు దగ్గర నల్ల బంకమట్టి ఉంది" అన్నాడు నర్సింగం. "ముళ్ళ సందుల్లో దట్టించి పైన నున్నగా పూస్తే చప్పుడు రాదు. మనిషివి రెండింతలు కనపడతావు. మోసుకొచ్చేదీ పూసేదీ నేనే, నువ్వు కూర్చుంటే చాలు."

కూర్చుంది. సాయంత్రానికల్లా మట్టి ఎండి రాయిలా బిగిసింది. ముళ్ళు లేవలేదు. పేటలోకి వెళ్తే ముంగిస నోరు తెరుచుకుని చూసింది. "ఎవరూ, మన ఈరమ్మేనా? బండరాయి నడిచొస్తోంది అనుకున్నా" అంది. ఈరమ్మకు సంతోషంగానే ఉంది. లోపల మాత్రం భయం అలాగే ఉంది. బయటికి పోయే దారి ఒక్కటే మూసుకుపోయింది.

మర్నాడు పొద్దు వాలుతుంటే గడ్డిమైదానంలో సభ పెట్టించాడు నర్సింగం. "మీ అభ్యర్థికే భయం లేనప్పుడు మీకెందుకు? పిల్లాపాపలతో రండి" అని బొరియ బొరియకూ చెప్పాడు. వచ్చారు. అంతమంది ఒక్కచోట బయట కూర్చోవడం ఆ పేటలో ఎన్నడూ లేదు.

ఈరమ్మ మాట్లాడ్డానికి లేచింది. రెండు మాటలు అన్నదో లేదో గాలి మారింది. ముక్కుకు తోడేలు వాసన తగిలింది.

ఒళ్ళంతా వణికింది. ఒక్క ముల్లు కూడా కదలలేదు. అరుద్దామనుకుంది, అలవాటు లేని గొంతు పెగల్లేదు. జనం ఆమెనే చూస్తూ, ఎంత నిబ్బరంగా నిలబడిందో అనుకుంటూ కూర్చున్నారు. గడ్డి ఒకచోట వంగింది. తర్వాత కేక.

అందరూ చెల్లాచెదురై బొరియల్లో పడ్డాక లెక్క చూసుకుంటే కోటమ్మ చిన్నకొడుకు పోలయ్య లేడు.

తెల్లవారి పరామర్శకు దొర వచ్చాడు. "ఎన్నికలు పెట్టుకుని ఇదేం ఖర్మమ్మా. నేనే ఉండి ఉంటేనా" అన్నాడు. మీసానికి తెల్లటి నూగు ఒకటి అంటుకుని ఉంది. కోటమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన వెళ్ళాక లేచి ఈరమ్మ బొరియ దగ్గరికి వచ్చింది.

"నీ ముళ్ళు మోగలేదేమే?"

ఈరమ్మ మట్టి చూపించింది. "మోగుతుంటే మీరంతా నవ్వుతున్నారనుకున్నా పెద్దమ్మా."

"ఎవరు నవ్వారే? నువ్వొచ్చిన దగ్గర్నుంచి నీ ముళ్ళు మోగితేనే మేం లోపలికి దూరుతున్నాం. వాడి వాసన మా కంటే ముందు నీకు తెలుస్తుంది. నిన్ను నిలబెట్టింది దేనికనుకున్నావు, అందానికా?"

కోటమ్మ తిట్టలేదు, ఏడవలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది ఈరమ్మకు.

ఎండ నడినెత్తికి వచ్చాక నర్సింగం వచ్చాడు. "ఘోరం చెల్లెమ్మా. రేపు పోలింగు. ఈ పొద్దుగూకే వేళకు వాగు రేవులో బండ దగ్గర నువ్వూ దొరా ఎదురెదురుగా మాట్లాడుకుని పేటకు ధైర్యం చెప్పాలి."

"ఒక్కదాన్నేనా?"

"నేనుంటాగా. రాకపోతే మాత్రం భయపడి పారిపోయిందంటారు. ఇక నీకు ఓటెవరు వేస్తారు?" మాట్లాడుతూనే గోటితో ఆమె వీపు మీద టక్కుటక్కుమని కొట్టి చూశాడు. "అరెరె, పగుళ్ళిచ్చిందే. ఇంకో పూత పడాలి."

కుండ కాలిందో లేదో చూసినట్టు ఆ కొట్టడం ఏంటో ఈరమ్మకు అప్పుడు అర్థమైంది. నిన్న జనాన్ని బయటికి పిలిచింది ఇతనే. మట్టి పూసిందీ ఇతనే. ఈ పూట తన వంతు. వెళ్తే దుప్పి దారే. వెళ్ళకపోతే దొరకు ఎదురు లేదు, ఆ పేటలో ఇంకా ఎందరు పోలయ్యలో.

"పూయి అన్నా" అంది. "పాతదంతా రాల్చేసి దిట్టంగా పూయి."

పూశాడు. "ఆరేదాకా మెదలకుండా కూర్చో" అని చెప్పి వెళ్ళాడు.

ఈరమ్మ ఎండలో కూర్చుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి భయం వేస్తే బిగబట్టుకోవడమే అలవాటు. ఈసారి బిగబట్టలేదు. దొర కోరలు తలుచుకుంది. దుప్పి కొమ్ములు తలుచుకుంది. పోలయ్య కేక తలుచుకుంది, దాంతో ఇక ఆపుదామన్నా ఆగని వణుకు పట్టుకుంది. పచ్చి మట్టిలో ఒక్కో ముల్లూ కదులుతూనే ఉంది. పై పూత ఆరింది కానీ లోపల ఏ ముల్లునూ పట్టుకోలేదు. పైకి నున్నగా ఉంది. లోపల ప్రతి ముల్లూ వదులే.

పొద్దు గూకింది. కాళ్ళీడ్చుకుంటూ రేవుకు వెళ్ళింది. బండ మీద దొర కాళ్ళు చాపుకుని ఉన్నాడు. పక్కన నర్సింగం.

"రా అమ్మాయీ. మట్టి బాగా అమరింది నీకు. ఎవరు పూశారో కానీ పనివాడే" అన్నాడు దొర. నర్సింగం దిగి వచ్చి గోటితో ఆమె వీపు మీద మళ్ళీ కొట్టి చూసి, వినయంగా నవ్వాడు.

"మాట్లాడదామన్నారు దొరా."

"మాట్లాడదాం. నేనంటే భయం లేదటగా నీకు?"

"ఉంది దొరా. చాలా ఉంది."

"మరి వినపడదేం?"

ఈరమ్మ వెనక్కి తిరిగి నిలబడింది. తిరిగి నిలబడితే ఆయన కనపడడు. ఎప్పుడు దూకుతాడో తెలియదు. ముళ్ళపందికి మాత్రం ఉన్న బలమంతా వెనకే. బండ మీద గోళ్ళు గీరుకున్న చప్పుడు విని కళ్ళు గట్టిగా మూసుకుంది.

దొర దూకాడు. అదే క్షణంలో మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలి, ఇన్నాళ్ళూ అణిగి ఉన్న ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. ఆ గలగల వాగు దాటి, మైదానం దాటి బొరియల పేట దాకా వినపడింది. పేటలో అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే లోపలికి దూరారు. ఆ వెనకే ఇంకో అరుపు వినపడింది. అది తమవాళ్ళది కాదు.

దొర మూతి నిండా, నాలుక మీదా ముళ్ళే. నోరు మూయడానికి లేదు, తెరవడానికి లేదు.

"ఆడిందన్నావు గదడా" అన్నాడు నర్సింగంతో. ఆరిందన్నావు కదరా అనబోతే ముళ్ళు అంతవరకే రానిచ్చాయి.

"నా చేత్తో కొట్టి చూశాను దొరా, రాయిలా..."

మాట పూర్తి కాకముందే దొర అతని మీదికి ఉరికాడు. ముందు నక్క, వెనక తోడేలు గుట్ట అవతలికి పోయారు. ఆ పోవడం పోవడం నర్సింగం మళ్ళీ ఎవరి గడపా తొక్కలేదు.

భయపడటంలో తప్పేమీ లేదు, భయాన్ని దాచుకోమని చెప్పేవాడు ఎవరి మనిషో చూసుకోవాలి.

ఈరమ్మ ఆ రాత్రి గెలిచినట్టేమీ అనుకోలేదు. ఒళ్ళు వణుకుతూనే ఉంది. దొర పేరు పోటీలో అలాగే ఉంది, మేనల్లుళ్ళు దారి మీద అలాగే ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే, పోలింగు మొదలుకాకముందే, జనమంతా వరసలో నిలబడి ఉంటే రాతి చరియ ఎక్కింది. "సభనాడు నాకు వాసన తెలిసింది. ముళ్ళకు మట్టి పూయించుకున్నది నేను. నోరు తెరవలేకపోయింది కూడా నేనే. పోలయ్య అందుకే పోయాడు. ఇది తెలుసుకుని మీ ఇష్టం వచ్చినట్టు ఓటు వెయ్యండి" అంది. దిగి వచ్చి వరస చివర నిలబడింది. ఆమె ముందున్నది కోటమ్మ.

కోటమ్మ వెనక్కి తిరగకుండానే అంది. "కాస్త ఎడంగా నిలబడవే. గుచ్చుకుంటున్నాయి."

ఈరమ్మ ఒక అడుగు వెనక్కి జరిగి, అక్కడే నిలబడింది.