పోలి పిలిచిన మూడు పేర్లు

ఇసకదిబ్బలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో పోలి అనే మనిషి ఉండేది. ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేది.

ఆ రోజుల్లో ఒక నావికుడు సముద్రం మీద పోయి, కొత్త దీవిని కనిపెట్టి వచ్చాడు. వెళ్ళేటప్పుడు పడవలో నలుగురు. తిరిగొచ్చేటప్పుడు ఒక్కడు. తెడ్లు వేసిన ముగ్గురినీ దారిలో సముద్రం తీసుకుంది. ఆ ముగ్గురిలో ఒకడు పోలి మొగుడు.

పన్నెండేళ్ళకి నావికుడూ పోయాడు. అతని గుర్తుగా ఒడ్డున పెద్ద రాతిస్తంభం నిలపమన్నాడు రాజు. శిల్పి మంచివాడు. పల్లెకి వచ్చి అడిగాడు.

"తెడ్లు వేసిందెవరయ్యా? వాళ్ళ పేర్లూ చెక్కుతాను."

ఎవరూ నోరు విప్పలేదు. సముద్రం తీసుకున్నవాడి పేరు ఒడ్డున పలికితే, అది ఇంకొకణ్ణి అడుగుతుందని వాళ్ళ భయం. పైగా మొగుడి పేరు పెళ్ళాం పలకరాదు. పోలి పెదవి కొరుక్కుంది. శిల్పి నావికుడి పేరూ రాజు పేరూ చెక్కి ఊరుకున్నాడు.

చూశారా అన్యాయం! చంపింది సముద్రం. చెరిపేసింది సొంతవాళ్ళ భయం.

"అమ్మా, మా అయ్య పేరేటి?" అని అడిగింది పోలి కూతురు. పన్నెండేళ్ళ పిల్ల. తండ్రి పేరు ఏనాడూ చెవిన పడలేదు. పోలి తట్ట నెత్తికెత్తుకుంది.

రాయి నిలపడానికి ఏనుగుల్ని తెచ్చారు. ఇసకలో కాళ్ళు దిగబడి నిలబడిపోయాయి. రాయి లేవలేదు. సైనికుల్ని తెచ్చారు. రాజుకి జై అంటూ ఎవరికి వారే లాగారు. రాయి లేవలేదు. అప్పుడు పల్లెవాళ్ళని పిలిచారు. పడవలు లాగిన చేతులు కదా, హైలెస్సా అంటే రాయి సగం లేచింది. అక్కడ ఆగింది. పాట ఎత్తేవాడి గొంతు పోయింది.

అటుగా వచ్చిన పోలి తట్ట దించింది.

"ఎర్రన్నా!" అని కేకేసింది.

"హైలెస్సా!" అన్నారు అలవాటుగా. రాయి కదిలింది.

పల్లెపెద్ద అదిరిపడ్డాడు. "ఏటే పోలీ, మతి పోనాదేటి? సముద్రం ఇంటాది!"

"ఇననీ మావా! పన్నెండేళ్ళు నోరు మూసుకున్నాం. అది మనుసుల్ని తినడం మానేసిందా?"

పోలి మళ్ళీ రాయి వైపు తిరిగింది.

"కారన్నా!"

"హైలెస్సా!" రాయి ఇంకొంచెం లేచింది.

మూడోది మొగుడి పేరు. పోలి కూతురి వైపు చూసింది.

"మసేనూ! ఇనుకోయే పిల్లా, మీ అయ్య మసేను!"

"హైలెస్సా!" రాయి నిటారుగా నిలబడింది.

ఆ రాయి ఇప్పటికీ ఉంది. అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి. నావికుడెవరో, రాజెవరో చెప్పేవాళ్ళు లేరు. కానీ ఆ ఒడ్డున పడవని నీళ్ళలోకి తోసేటప్పుడు ఇప్పటికీ ఎర్రన్నని, కారన్నని, మసేనుని పిలుస్తారు. చివర పోలిని పిలుస్తారు.

మూడు పేర్లకి పడవ కదులుతుంది. నాలుగో పేరుకి తేలుతుంది.